గోడ మీది డాక్టరమ్మ

గంగిరేనిపాడు వినియోగదారుల సంఘానికి నేను అధ్యక్షుణ్ణి. కార్యదర్శినీ, కోశాధికారినీ, సభ్యుణ్ణీ కూడా నేనే. కోర్టులో బెంచి క్లర్కుగా రిటైరైన తర్వాత తోచక ఒక రబ్బరు స్టాంపు చేయించుకున్నాను, దాంతో సంఘం ఏర్పడిపోయింది. అప్పటినుంచి ప్రభుత్వం వారు ఏ సమావేశం పెట్టినా 'ప్రజాభిప్రాయం' అని అట్టముక్క అంటించిన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, సంతకం తీసుకుని పంపిస్తుంటారు. ప్రజాభిప్రాయానికి షుగరు వ్యాధి ఉందనీ, టీలో చక్కెర వెయ్యకూడదనీ జిల్లా కార్యాలయంలో బంట్రోతులందరికీ తెలుసు.

పోయిన వేసవిలో అలాంటి సమావేశమే ఒకటి జరిగింది. పల్లెల్లో డాక్టర్లు ఉండడం లేదు గనక, మందుల షాపులో ఉండే ఫార్మసిస్టుకే చిన్న చిన్న జబ్బులకు మందులు రాసే అధికారం ఇవ్వవచ్చా, కూడదా అన్నది చర్చ. డాక్టర్ల సంఘం తరఫున వచ్చినాయన లేచి, "ఆరేళ్లు చదివిన మాకే ఒక్కోసారి జబ్బేంటో అంతుపట్టదు, వీళ్లకేం తెలుస్తుంది?" అన్నాడు. తను ఏమన్నాడో కూర్చున్నాక గాని ఆయనకు తట్టలేదు. ఫార్మసిస్టుల సంఘం నాయకుడు ఊరుకుంటాడా? "డాక్టర్ల రాత చదవగలిగినవాళ్లం భూమ్మీద మేమొక్కళ్లమే. అది చదివినవాడికి రాయడం ఒక లెక్కా?" అన్నాడు. భోజనాల దాకా ఇద్దరూ గుడ్లురిమి చూసుకున్నారు.

నాకు ఆకలేస్తోంది. లేచి ఒక్కటే అడిగాను. "అయ్యా, మా ఊళ్లో మందుల షాపులు బోలెడున్నాయి. నాకు అరవై ఎనిమిదేళ్లు. ఇంతవరకూ ఏ షాపులోనూ ఫార్మసిస్టు అనే మనిషిని కళ్లతో చూడలేదు. రాయొచ్చా కూడదా అన్నది తర్వాత సంగతి. ముందు ఆ మనిషి ఏడీ?"

అప్పటిదాకా కత్తులు దూసుకున్న రెండు సంఘాలూ ఒక్కసారి ఏకమై నావైపు ఉరిమి చూశాయి. డాక్టరు గారి భార్య పేర ఒక మందుల షాపు ఉందని నాకు ఆ తర్వాత తెలిసింది.

తెలియనివారికి ఒక మాట చెప్పాలి. మందుల షాపు పెట్టాలంటే ఫార్మసీ చదివినవాళ్లు ఒకరు షాపులో ఉండాలని చట్టం. మా వైపు చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తారు. చదివిన మనిషి సర్టిఫికెట్‌ను ఏడాదికి ఇంతని అద్దెకు తెచ్చి, ఫ్రేము కట్టించి, లక్ష్మీదేవి పటం పక్కన మేకు కొట్టి తగిలిస్తారు. మనిషి ఎక్కడో ఏదో పని చేసుకుంటూ ఉంటారు. మందులు మాత్రం షాపు యజమాని ఇస్తాడు. జిల్లా అంతా ఒకే తప్పు చేస్తుంటే దాన్ని తప్పు అనరు, ఆనవాయితీ అంటారు.

వేదిక మీద ఔషధ విస్తరణ ప్రత్యేకాధికారి త్రివిక్రమరావు గారు మైకు అందుకున్నారు. "అధ్యక్షులవారి ప్రశ్న ఈనాటి చర్చనీయాంశ పరిధిలోకి రాదు. అయినప్పటికీ, భౌతిక హాజరు అనే కాలం చెల్లిన భావనను సాంకేతిక పరిజ్ఞాన వినియోగం ద్వారా అధిగమించుటకు శాఖాపరంగా చర్యలు చేపట్టబడుచున్నవి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, భోజనానికి వదులుతారని.

చర్యలు చేపట్టబడినవి. 'మీ చెంతకే మందుచీటీ' అనే పథకం వచ్చింది. ఫార్మసిస్టు రోజూ పొద్దున్నే ఫోనుకు ముఖం చూపించాలి. ముఖం సరిపోతే పచ్చ టిక్కు పడుతుంది. టిక్కు పడితే హాజరు ఉన్నట్టు, హాజరు ఉంటే మందు రాసే అధికారం ఉన్నట్టు. మా మండలానికి మొదటి కేంద్రంగా మెయిన్ బజారులోని శ్రీ భ్రమరాంబ మెడికల్స్‌ను ఎంపిక చేశారు. దాని యజమాని కొత్తమాసు నాంచారయ్య. పద్దెనిమిదేళ్ల కిందటి వరకు ఎరువుల కొట్టు నడిపాడు. మోతాదుల విషయంలో ఆ చెయ్యి ఆయనకు ఇంకా పోలేదు.

ప్రారంభోత్సవానికి పదకొండింటికి అమాత్యులవారు వస్తారన్నారు. పదింటికి త్రివిక్రమరావు గారు షాపులోకి వచ్చి, "ఫార్మసిస్టును పిలవండి" అన్నారు.

నాంచారయ్య గోడవైపు చూశాడు. గోడ మీద సర్టిఫికెట్ ఉంది. దాని మూల రెండు జడలు వేసుకున్న ఇరవయ్యేళ్ల పిల్ల ఫోటో. పేరు దారా సలోమి. ఆ పిల్ల చదువు కాగానే ఉద్యోగం కోసమే ఈ షాపుకొచ్చింది పాపం. "నువ్వు రాబళ్లేదమ్మా, కాయితం వస్తే చాలు. నువ్వొస్తే మళ్లీ కుర్చీ ఎయ్యాల" అని నాంచారయ్యే ఇంటికి పంపేశాడు. ఇప్పుడు నలభైకి దగ్గరపడి, బైపాసు రోడ్డులోని మిర్చి కోల్డ్ స్టోరేజీలో టిక్కీలకు, అంటే మిరపకాయల బస్తాలకు, టోకెన్లు రాస్తోంది.

"ఆవిడ రాదండీ. అంటే, ఇక్కడే ఉంది. అంటే, గోడ మీదుంది" అన్నాడు నాంచారయ్య.

ప్రత్యేకాధికారి గారికి అవతల అమాత్యులవారి కాన్వాయ్ బయల్దేరిందని ఫోను. ఇవతల ఫార్మసిస్టు లేదు. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, స్టూలెక్కి, ఫోనును ఫ్రేముకు ఎదురుగా పట్టారు. ఫోనులోంచి ఒక ఆడగొంతు "దయచేసి కళ్లు ఆర్పండి" అంది. ఫోటో ఆర్పలేదు. మళ్లీ అంది. మళ్లీ ఆర్పలేదు. ఇంతలో కరెంటొచ్చి పైన ఫ్యాను తిరిగింది. రెక్క నీడ ఒకటి ఫోటో కళ్ల మీదుగా పోయింది. టింగుమని పచ్చ టిక్కు పడింది.

త్రివిక్రమరావు గారు స్టూలు దిగి, కష్టకాన్పు చేసిన మంత్రసానిలా చెమట తుడుచుకున్నారు. "హాజరు నమోదైంది. ఇక వాదోపవాదాలకు తావు లేదు" అన్నారు.

"సార్, అది ఫోటో" అన్నాను.

"ప్రభుత్వం దృష్టిలో హాజరే మనిషి అండీ. హాజరు లేని మనుషులు కోట్లమంది ఉన్నారు. వాళ్లతో మాకేం పని?"

నాంచారయ్య సంతోషం పట్టలేక ఫ్రేముకు బంతిపూల దండ వేయబోతే ఆయన చటుక్కున ఆపారు. దండ వేస్తే పోస్టు ఖాళీ అయిందని అపోహ కలుగుతుందట. అమాత్యులవారు వచ్చి, రిబ్బను కత్తిరించి, ఫోటోను ఉద్దేశించి "ఈ చెల్లెమ్మ సేవలు అమోఘం" అని చెప్పి వెళ్లిపోయారు.

మర్నాటి నుంచి వైద్యం మొదలైంది. పద్ధతి చాలా సులువు. రోగి వస్తాడు. ఫోనులో మనిషి బొమ్మ ఉంటుంది. తల నొప్పయితే తల మీద, కడుపయితే కడుపు మీద నాంచారయ్య వేలు పెట్టి నొక్కుతాడు. నాలుగైదు మందులు కనిపిస్తాయి. వాటిలో షాపులో ఎక్కువగా పేరుకుపోయినది ఏదో చూసి ఎంచుకుంటాడు. తర్వాత 'ఫార్మసిస్టు విచక్షణ' అనే బటన్ నొక్కి ఫోనును గోడవైపు తిప్పుతాడు. ఫ్యాను రెక్క తన పని తను చేస్తుంది. ప్రభుత్వ ముద్రతో, దారా సలోమి పేరుతో చీటీ బయటికొస్తుంది.

జనానికి ఇది తెగ నచ్చింది. డాక్టరమ్మ కసురుకోదు, టెస్టులు రాయదు, భోజనానికి లేవదు. ముసలమ్మలు ఆమెకెదురుగా బెంచీ మీద కూర్చుని కోడళ్ల సంగతులు కూడా చెప్పుకునేవాళ్లు. ఆమె ఎంత ఓపిగ్గా వినేదో చెప్పలేను. మూడు నెలలు తిరిగేసరికి, ఒక్క సెలవు కూడా పెట్టనందుకు, ఒక్క ఫిర్యాదు కూడా రానందుకు ఆమెకు ఉత్తమ ఫార్మసిస్టు పురస్కారం ప్రకటించారు. ఫ్రేమును జిల్లా కేంద్రానికి జీపులో ముందు సీటులో తీసుకెళ్లారు. త్రివిక్రమరావు గారు వెనక కూర్చున్నారు. ఆ పూట షాపులో వైద్యం లేదు, ఎందుకంటే డాక్టరమ్మ ఊళ్లో లేదు.

అంత సమర్థురాలిని ఒక్క షాపుకే పరిమితం చేయడం ప్రజాధనం వృథా అని శాఖకు తోచింది. మా ఆరోగ్య కేంద్రంలో డాక్టరు పోస్టు ఎటూ ఖాళీయే గనక, సర్టిఫికెట్‌కు రంగు జిరాక్సు తీయించి అక్కడ అదనపు బాధ్యతలు అప్పగించారు. అయితే అక్కడ ఫ్యాను లేదు, అందుచేత రెప్ప పడలేదు, అందుచేత హాజరు పడలేదు. కాన్పుల వార్డుకు ఫ్యాను కావాలని నర్సమ్మ పదేళ్లుగా పెట్టిన అర్జీలు ఏ బుట్టలో ఉన్నాయో తెలియదు గాని, జిరాక్సుకు మాత్రం రెండ్రోజుల్లో ఫ్యాను మంజూరైంది. బాలింతలు పిల్లల్నెత్తుకుని వచ్చి ఆ గదిలో కూర్చుంటే, సిబ్బంది "డాక్టరమ్మకు అడ్డం రాకండి" అని బయటికి పంపేవాళ్లు.

ఈ వైభవమంతా సలోమికి తెలియదు. కోల్డ్ స్టోరేజీలో ఆమెతో పనిచేసే ఒకామె కళ్లు తిరిగి పడిపోయిందట. పక్కన పడిన చీటీ తీసి చూస్తే ఏముంది, తన పేరే. "నువ్వేగదక్కా రాసింది? రోజుకు మూడేసుకోమన్నావ్‌గా!" అందట పడిపోయినామె. సలోమి పని వదిలేసి పరుగెత్తుకుంటూ భ్రమరాంబ మెడికల్స్‌కు వచ్చింది. ఆ సమయానికి తనిఖీకి వచ్చిన త్రివిక్రమరావు గారూ, బీపీ బిళ్లల కోసం వెళ్లిన నేనూ అక్కడే ఉన్నాం.

"నాంచారయ్య గారూ, కాయితం అద్దెకిచ్చి తప్పుచేశాను, ఒప్పుకుంటున్నా. ఇకనుంచి నేనే వచ్చి కూర్చుంటా. రాయమన్నారంటగా, తెలిసినంతవరకు రాస్తా, తెలియంది పెద్దాసుపత్రికి పంపిస్తా. అది కుదరదంటే నా కాయితం నాకిచ్చెయ్యండి" అంది.

"కాయితం ఎట్టా ఇస్తానమ్మా? ఆవిడ డ్యూటీలో ఉంది!" అన్నాడు నాంచారయ్య. వేళాకోళానికి కాదు, నిజంగానే అన్నాడు.

నాకు ఉన్నపళంగా ఆశ పుట్టింది. మా ఊరి చరిత్రలో తొలిసారిగా మందుల షాపులో ఫార్మసిస్టు కంటబడింది. వేసవిలో అన్ని గంటలు వాదించుకున్నది ఈమె గురించే కదా! ఆ మాటే త్రివిక్రమరావు గారితో అన్నాను.

ఆయన ఫోను చూసి తల అడ్డంగా ఆడించారు. "సదరు ఉద్యోగిని హాజరు ఉదయమే నమోదై ఉంది. ఒకే వ్యక్తి ఒకే దినమున రెండు పర్యాయములు హాజరగుట నిబంధనలకు విరుద్ధం."

"అది నేను కాదండీ, నా ఫోటో."

"అయితే పరీక్షించెదం" అని ఫోను ఆమె ముఖానికి పట్టారు. ఎర్ర గుర్తు పడింది. 'ముఖం సరిపోలలేదు.' కళ్లజోడు తీయమన్నారు, తీసింది. సరిపోలలేదు. నెరిసిన వెంట్రుకలు చెంగు కింద దాచుకుంది. సరిపోలలేదు. ఆఖరికి నాంచారయ్య భార్య రబ్బరు బ్యాండ్లు తెచ్చి రెండు జడలు వేసింది. నలభయ్యేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, నడిబజార్లో రెండు జడలతో ఫ్యాను కింద నిలబడి, ఆర్పమన్నప్పుడల్లా కళ్లార్పింది. నాకు తల ఎత్తుకోవడం కష్టమైంది. ఫోను మాత్రం ఒప్పుకోలేదు.

"చూడమ్మా" అన్నారు త్రివిక్రమరావు గారు, "ఫోటోలోని ఉద్యోగినికి నిష్కళంకమైన సర్వీసు రికార్డు ఉంది. పురస్కార గ్రహీత. నీవు ఆమెవని చెప్పుకొనుట శిక్షార్హమైన నేరం."

సరిగ్గా అప్పుడే సాంబయ్య వచ్చాడు. షాపుకు ఎదురుగా బండి పెట్టుకుని ఇస్త్రీ చేస్తాడు. నా కోర్టు చొక్కాలన్నీ అతని చేతి మీదుగా వెళ్లినవే. రోజంతా నిలబడే పని గనక మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయి. గోడకు దణ్ణం పెట్టి, "డాక్టరమ్మా, పోయినసారి రాసిన బిళ్లలు బాగానే పని చేసినయ్యి. ఇంకో అట్ట ఇప్పించు తల్లీ" అన్నాడు. నాంచారయ్య ఫోను మీద మోకాలు నొక్కి, అట్ట తీశాడు.

సలోమి ఆ అట్ట చూసింది. "పెద్దాయనా, ఇంకేమన్నా మందులు వాడతన్నావా?"

"గుండెకు స్టెంటు ఏశారమ్మా. రక్తం పలచనవడానికి రోజూ ఓ బిళ్ల మింగుతా."

ఆమె ముఖం మారిపోయింది. "దొడ్డికి నల్లగా అవుతందా?"

సాంబయ్య ఇంతమందిలో చెప్పడానికి సిగ్గుపడి, తల గోక్కుని, "తారు మాదిరి అవుతంది" అన్నాడు.

"వద్దు! ఈ నొప్పి బిళ్ల ఇంకొక్కటి కూడా మింగబాక. ఆ బిళ్లా ఈ బిళ్లా కలిసి నీ కడుపులో పుండుపడి రక్తం పోతంది. ఇప్పుడే పెద్దాసుపత్రికి పో, ఈ నిమిషమే" అని చేతిలోంచి అట్ట లాక్కుంది.

"అనధికారిక వైద్య సలహా!" అని కేక పెట్టారు త్రివిక్రమరావు గారు. "హోంగార్డ్!" అని బయట తన జీపు దగ్గరున్న మనిషిని పిలిచారు.

నేను అడ్డం వెళ్లి, "సార్, దయచేసి ఆమె చెప్పేది ఒక్క నిమిషం వినండి" అన్నాను.

"ప్రజాభిప్రాయ స్వీకరణ గడువు వేసవిలోనే ముగిసిందండీ."

సాంబయ్య బిత్తరపోయి గోడను చూశాడు, ఆమెను చూశాడు. "ఏ డాక్టరమ్మ మాట ఇనాలయ్యా?" అని నన్నడిగాడు.

"ఈమె మాట విను సాంబయ్యా, నీకు దణ్ణం పెడతా."

"ప్రభుత్వ ముద్ర ఏ చీటీ మీద ఉన్నదో చూసుకో" అన్నారు త్రివిక్రమరావు గారు. ముద్ర చూసి భయపడడం తప్ప పేదవాడికి వేరే ఏం నేర్పాం గనక? సాంబయ్య చీటీ కళ్లకద్దుకుని, అక్కడే మంచినీళ్లడిగి, అధికారి గారి ఎదుటే ఒక బిళ్ల మింగాడు. హోంగార్డు సలోమిని స్టేషనుకు తీసుకెళ్లాడు. తాను దారా సలోమినని ఇకమీదట ఎక్కడా చెప్పుకోనని రాయించుకుని, దారా సలోమి అని సంతకం పెట్టించుకుని వదిలిపెట్టారు.

నేను బండి దగ్గరికి వెళ్లి ఆటో పిలుస్తానన్నాను. "రేపు పోదాంలేయ్యా. ఈ పూట పెళ్లోళ్ల గుడ్డలున్నయ్యి, సాయంత్రానికి ఇయ్యకపోతే మాటొచ్చిద్ది" అన్నాడు సాంబయ్య. బతిమాలాను, తిట్టాను. నవ్వి పెట్టెలో బొగ్గులు ఎగదోశాడు. మర్నాడు తెల్లవారుతుండగా రక్తం కక్కుకున్నాడు. అంబులెన్సు ఆరోగ్య కేంద్రం దగ్గర ఆగింది. లోపల ఫ్యాను కింద జిరాక్సు తప్ప డాక్టరు లేడు. గుంటూరు చేరకముందే ప్రాణం పోయింది. కళ్లముందు నిలబడి చెప్పగా చెప్పగా ఒక మనిషిని చంపారు. నాకు ఏడుపు కూడా రాలేదు, ఒళ్లు మండిపోయింది.

రబ్బరు స్టాంపు వేసి నాలుగు పేజీల ఫిర్యాదు రాశాను. విచారణ వేశారు. విచారణాధికారి త్రివిక్రమరావు గారే. యాప్ నిబంధనల ప్రకారమే పనిచేసిందని తేలింది. షాపు యజమాని చీటీ ప్రకారమే మందిచ్చాడని తేలింది. శాఖ ఎప్పటికప్పుడు పర్యవేక్షించిందని కూడా తేలింది. డాక్టర్ల సంఘం 'ఫార్మసిస్టులకు రాసే హక్కిస్తే ఇంతేనని మేము ముందే చెప్పాం' అని పేపర్లో వేయించింది. 'ఒక్కరి నిర్లక్ష్యానికి అందర్నీ అనడం తగదు' అని ఫార్మసిస్టుల సంఘం ఖండించింది. తగువు మళ్లీ మొదటికొచ్చింది.

"సార్, ఆ మందు రాసింది ఫోటో" అన్నాను విచారణలో.

త్రివిక్రమరావు గారు నావైపు జాలిగా చూశారు. "ఫోటో మందు ఎట్లా రాస్తుందండీ? చదువుకున్నవారు, కోర్టులో పనిచేసినవారు, మీరు కూడా ఇట్లా మాట్లాడితే ఎలా? ఒక ఫోటో మీద కేసు పెట్టమంటారా? బాధ్యత వహించుటకు మనిషి కావలెను."

ఆ మాట వినగానే నేను కుర్చీ తోసేసి లేచాను. ఆటో మాట్లాడుకుని కోల్డ్ స్టోరేజీకి వెళ్లేసరికి పోలీసు జీపు గేటు దగ్గర ఆగి ఉంది. లోపల వందమంది ఆడవాళ్లు వరసలుగా కూర్చుని తొడిమలు తీస్తున్నారు. ఘాటుకు తట్టుకోలేక అందరూ ముక్కులకూ నోళ్లకూ గుడ్డలు బిగించుకున్నారు. కళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. అవి కూడా ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి. నన్నడిగితే నా సొంత చెల్లెల్ని కూడా ఆ వరసల్లో గుర్తుపట్టలేను.

కానిస్టేబుల్ చేతిలో జిరాక్సు ఉంది, ఇరవయ్యేళ్ల పిల్ల, రెండు జడలు. అతను దాన్ని ఒకసారి చూశాడు, వరసలవైపు ఒకసారి చూశాడు. నేరుగా నడిచివెళ్లి టోకెన్ల బల్ల దగ్గర ఆగాడు.

"దారా సలోమివి నువ్వేగా? లేమ్మా."

ఆమె ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పి, "నేనే" అంది. ఈసారి ప్రభుత్వం వారు కాదనలేదు.